సంఘపు పద్దు, సభ్యుని గుట్టు

సహకార సంఘమందు సభ్యుడైన ప్రతి రైతును తన సంసారపు గుట్టును కొంత సంఘమునకు ఒప్పగించుచున్నాడు. భూమి ఎంత, అది ఏ సర్వే నంబరులోనిది, పాత బాకీ ఎంత, జామీను ఎవరు నిలిచిరి, ఇంటి బంగారము తాకట్టున ఉన్నదా, ఏ పంట వేసెను, వాయిదా ఎప్పుడు, కడచిన యేడు వాయిదా తప్పెనా అను సంగతులన్నియు సంఘపు పుస్తకములలో నుండును. ఇప్పుడు వీనికి ఆధారు సంఖ్యయు, బ్యాంకు ఖాతా సంఖ్యయు, సెల్‌ఫోను సంఖ్యయు, బొటనవ్రేలి ముద్రయు తోడైనవి. తోడబుట్టినవారికి చెప్పని మాటలు సైతము సంఘపు కార్యదర్శికి చెప్పక తీరదు. అట్లు చెప్పిన మాటలు ఎవరి చేత నుండవలెనో, ఎవరి చెవిని పడరాదో, పడినచో రైతునకు కలుగు నష్టమెట్టిదో, చట్టము ఏమి చెప్పుచున్నదో ఈ పాఠమున వివరింప దలచినారము.

“మాకు దాచదగిన వ్యాపార రహస్యము లేమున్నవి? అవి ప్రొద్దుటూరి బంగారపు వర్తకులకు, మిల్లుదారులకు గాని, మడక పట్టువానికి గావు” అని కొందఱు సభ్యులు అనుటను మేము వినియున్నాము. ఈ మాట సరికాదు. రైతుయొక్క వ్యాపార రహస్యము ఒక్కటే, కాని అది చాల విలువైనది. తనకు డబ్బు ఎప్పుడు అవసరమో, ఎంత అవసరమో అనునదే ఆ రహస్యము. కొనువానికి అది తెలిసిన పిదప బేరము బేరము కాదు.

ఒక ఉదాహరణము చూతము. చెన్నూరు, ఖాజీపేట, మైదుకూరు ప్రాంతములందు కె.సి. కాలువ నీటితో పసుపు వేయు రైతులు పెక్కుమంది గలరు. వానకారు మొదట నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో నుండవలెను. పిదప త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెఱుగు పట్టిన గాని కడప యార్డునకు పోదు. ఒక రైతునకు సంఘములో లక్ష రూపాయల పంట ఋణము కలదనియు, వాయిదా మార్చి నెలాఖరనియు అనుకొందము. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద 3 లక్షల రూపాయల వఱకు స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. వాయిదాకు చెల్లించినవానికి అందు 3 శాతము తగ్గి 4 శాతమే పడును. అనగా వాయిదా తప్పినచో లక్షకు సంవత్సరమునకు 3,000 రూపాయలు రైతు నెత్తిన పడును.

ఇప్పుడు ఆ రైతు వాయిదా తేదీ, బాకీ మొత్తము సంఘపు గుమాస్తా సెల్‌ఫోనులోనుండి గాని, బల్లమీద విప్పి యుంచిన పుస్తకమునుండి గాని ఒక వర్తకునకు తెలిసినవనుకొనుడు. మార్చి 20వ తేదీ దాటువఱకు ఆ వర్తకుడు పసుపువంక చూడడు. 25వ తేదీన వచ్చి క్వింటాలుకు 300 రూపాయలు తగ్గించి అడుగును. 30 క్వింటాళ్లకు 9,000 రూపాయలు పోయినవి. 3,000 రూపాయల రాయితీకై 9,000 పోగొట్టుకొనుట తెలివి కాదని పట్టణమున కూర్చున్నవారు చెప్పవచ్చును. కాని వాయిదా తప్పినవాడను పేరు, రాబోవు ఏటి ఋణము, జామీను నిలిచిన పొరుగువానికిచ్చిన మాట ఆ కూడికలో చేరవు. వీని బరువెంతయో రైతునకు తెలియును; ఆ వర్తకునకును తెలియును. కావుననే అతడు 25వ తేదీన వచ్చినాడు.

పులివెందుల వైపు చీనీ తోటలను కాయ చెట్టుమీద నుండగనే బేరమాడుదురు. తోట యజమానునకు కిస్తు ఎప్పుడో ముందు తెలిసినవాడు ఆ బేరమున సగము గెలిచినట్లే. జమ్మలమడుగు ప్రాంతపు శనగ రైతు సరుకును గిడ్డంగిలో పెట్టి దానిమీద అప్పు తెచ్చుకొనినప్పుడును ఇదే స్థితి.

సంఘమునకును తన రహస్యములు గలవు. సభ్యుల సరుకును ఒకచోట చేర్చి అమ్మునపుడు ఇంతకు తక్కువైన అమ్మరాదని పాలకవర్గము నిర్ణయించుకొనిన ధర, ఎరువులకు గాని గోతాలకు గాని టెండర్లు పిలిచినపుడు విప్పకముందు కవరులలోని మొత్తములు, గోదాములోని నిలువ, ఇవి అమ్మకము ముగియువఱకు బయటికి పొక్కరాదు. ముగిసిన పిదప సభ్యులందఱికిని లెక్క చూపవలసినదే. ఈ రెండవ మాటను కొన్ని సంఘములు మఱచుచుండును. దానినిగూర్చి ముందు చెప్పుదుము.

పూర్వము మన సంఘములలో ఒకరి అప్పు ఒకరికి తెలియకుండుట అను మాటయే లేదే, ఇప్పుడీ గుట్టెందుకని పెద్దలు అడుగవచ్చును. ఈ ప్రశ్నలో న్యాయము కలదు. 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము క్రింద గ్రామ సంఘములు సాధారణముగా అపరిమిత బాధ్యతతో ఏర్పడెడివి. సంఘము మునిగినచో ఒక సభ్యుని అప్పునకు తక్కిన సభ్యులందఱును తమ ఆస్తులతో ఉత్తరవాదులు కావలసి యుండెను. అట్టి స్థితిలో పొరుగువాని అప్పు ఎంతయో తెలిసికొనుట ప్రతివానికిని అవసరమే, హక్కే. నేటి సంఘములలో సాధారణముగా సభ్యుని బాధ్యత అతని వాటా ధనమునకు పరిమితము. ఆనాటి కారణము పోయినను అలవాటు నిలిచినది. అదియుగాక ఆనాడు రచ్చబండకడ చెప్పుకొనిన మాట ఊరి పొలిమేర దాటునప్పటికి పది దినములు పట్టెడిది. నేడు ఫోనులో పటము తీసి పంపిన పద్దు, తీసినవాడు చెయ్యి దించకముందే కడపలోనుండును.

బ్యాంకువాడు ఖాతాదారుని సంగతి బయట పెట్టరాదను ధర్మము క్రొత్తది కాదు. ఇంగ్లండు దేశమున టూర్నియర్ అను ఉద్యోగి నేషనల్ ప్రావిన్షియల్ బ్యాంకునకు తొమ్మిది పౌండ్ల పైచిలుకు బాకీ పడి, వారమునకొక పౌండు చొప్పున తీర్చుదునని వ్రాసియిచ్చి, కొన్ని వారములు చెల్లించి మానివేసెను. బ్యాంకు మేనేజరు అతని ఇంటి చిరునామా కొఱకు అతని యజమానులకు టెలిఫోను చేసి, మాటలలో అతడు పందెములు కాయువానికి డబ్బు ఇచ్చుచున్నాడను సంగతిని గూడ చెప్పెను. ఆ సంగతి మేనేజరునకు తెలిసినది బ్యాంకునకు వచ్చిన ఒక చెక్కు వలన. యజమానులు టూర్నియరునకు పని పొడిగింపలేదు. అతడు దావా వేసెను. క్రింది కోర్టులో ఓడినను, అప్పీలు కోర్టు బ్యాంకు ఖాతాదారుని సంగతిని గోప్యముగా ఉంచవలసిన బాధ్యత గలదని చెప్పి మరల విచారణ జరుపుమనెను. న్యాయశాస్త్ర గ్రంథములలో 1924 నాటిదిగా పేర్కొనబడు ఈ తీర్పు నాలుగు సందర్భములలోనే గుట్టు విప్పవచ్చునని చెప్పినది. చట్టము నిర్బంధించినప్పుడు, ప్రజలపట్ల కర్తవ్యము అట్లు కోరినప్పుడు, బ్యాంకు తన బాకీ రాబట్టుకొనుటకు అవసరమైనప్పుడు, ఖాతాదారుడే ఒప్పుకొనినప్పుడు. చిరునామా అడుగుట బ్యాంకు పనియే; పందెముల మాట ఎత్తుట బ్యాంకు పని కాదు. మన కార్యదర్శులు ఈ భేదమును గుర్తుంచుకొనిన చాలును. బాకీదారుని ఇంటికి పోయి బాకీ అడుగుట తప్పు కాదు. అంగడి అరుగుమీద కూర్చుండి అతని బాకీ ముచ్చట చెప్పుట తప్పు.

మన దేశమున, కర్ణాటక హైకోర్టునుండి విరమించిన న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి తెచ్చిన వ్యాజ్యములో 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తియొక్క గోప్యత రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. పొలములో పనిచేయు రైతునకును ఢిల్లీలోని ధనికునకును ఆ హక్కు ఒక్కటే.

హక్కు కలిగినంతమాత్రమున గుట్టు నిలువలేదు. అదే 2017వ సంవత్సరము మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ ప్రకటించిన నివేదికలో, నాలుగు ప్రభుత్వ పథకముల అంతర్జాల స్థానములందు సుమారు 13 కోట్ల ఆధారు సంఖ్యలు ఎవరైనను చూడగలుగునట్లు ఉన్నవని చూపబడెను. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశమునకు చెందినవి, ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. 2018 ఏప్రిల్ నెలలో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ అంతర్జాల స్థానమున 1.34 లక్షలమంది లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు వివరములు, కులమతములతో సహా బయట పడియుండెను.

తెలంగాణమున పెద్దపల్లి జిల్లా ధర్మారములో 2018లో బయటపడిన సంగతి రైతులు మఱింత శ్రద్ధగా వినదగినది. సెల్‌ఫోను సిమ్ము కార్డులు అమ్ము ఒకడు, భూముల రిజిస్ట్రేషను దస్తావేజులను ప్రభుత్వపు అంతర్జాల స్థానమునుండి దింపుకొని, వానిమీది వ్రేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేయు యంత్రముతో అచ్చు తీసి, ఆ ముద్రలతో వేలకొలది సిమ్ములను పరుల పేర తెఱచెను. భూమి అమ్మిన దినమున రిజిస్ట్రారు కచేరీలో వేసిన వ్రేలిముద్ర ఎక్కడికి పోవునో ఏ రైతు ఊహించును? వ్రేలిముద్రతో సొమ్ము తీయు పద్ధతి మన గ్రామములలో వ్యాపించిన తరువాత ఇట్టి నకిలీ ముద్రలతో ఖాతాలలోని సొమ్ము తీసిన నేరములును జరిగినవి.

ఈ సంగతులన్నిటిలోను దొంగ తాళము పగులగొట్టలేదని గమనింపవలెను. కచేరీలే తలుపు తెఱచి యుంచినవి. మన సంఘములలోను ఆపద ఆ వైపునుండియే వచ్చును. 2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరులతో నడుపుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. దీనివలన లెక్కలు త్వరగా తేలును. తప్పుడు పద్దులు వ్రాయుట కష్టమగును. మేము దీనిని మంచి పనిగానే తలచుచున్నాము. కాని పాత ఆవర్జాను ఎత్తుకొని పోవలెనన్న బండి కావలెను. కంప్యూటరులోని ఆవర్జాను వ్రేలెడంత పరికరములో పెట్టుకొని పోవచ్చును.

ఇక చట్టము. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము దీనికి ముఖ్యమైనది. దీని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సమాచారమును ఉంచుకొను సంస్థల ముఖ్య విధులు అప్పటినుండి 18 నెలలకు, అనగా 2027 మే నెలలో, అమలునకు వచ్చునట్లు నిర్ణయింపబడినవి. కాగితపు పుస్తకమునకు ఈ చట్టము వర్తింపదు. ఆ పుస్తకములోని పద్దును కంప్యూటరులోని కెక్కించినంతనే వర్తించును.

ఈ చట్టమును అనుసరించి, రైతు సమ్మతితో సమాచారము తీసికొనునపుడు సంఘము ఏ యే వివరములు ఎందుకు తీసికొనుచున్నదో తేటయైన మాటలలో తెలియజేయవలెను. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో ఆ తెలియజేయుదానిని చదువుకొను అవకాశము ఈయవలెను గనుక మనవారు తెలుగులో కావలెనని నిస్సంకోచముగా అడుగవచ్చును. పంట ఋణమునకని తీసికొనిన ఫోను నంబరును బీమా అమ్మువానికో, పురుగుమందుల అంగడివానికో ఇచ్చుటకు ఆ సమ్మతి చాలదు. ఇచ్చిన సమ్మతిని రైతు మరల ఉపసంహరింపవచ్చును. కాని దానివలన తీసికొనిన అప్పు రద్దు కాదు, బాకీ రాబట్టుటకు సంఘము కోర్టునకు పోవుటకు ఈ చట్టము అడ్డురాదు. తన్నుగూర్చి సంఘము ఏమి వ్రాసియుంచెనో అడిగి తెలిసికొనుటకు, తప్పున్న దిద్దించుకొనుటకు రైతునకు హక్కు గలదు. ఒక సర్వే నంబరులో ఒక అంకె తప్పుపడి రాయితీ పోగొట్టుకొనిన రైతు ఈ హక్కు విలువ ఎఱుగును.

సమాచారము బయటికి పొక్కినచో సంఘము దానిని దాచరాదు. నష్టపడు సభ్యులకును, ఈ చట్టము క్రింది రక్షణ బోర్డునకును జాగు చేయక తెలుపవలెను. బోర్డునకు సవివరమైన నివేదిక 72 గంటలలో పంపవలెను. తగిన కట్టుదిట్టములు చేయక సమాచారము పొక్కనిచ్చినచో జరిమానా గరిష్ఠముగా 250 కోట్ల రూపాయల వఱకును, పొక్కిన సంగతి తెలుపకున్న 200 కోట్ల వఱకును చట్టమున గలదు. ఈ అంకెలు చూచి చిన్న సంఘములు భయపడనక్కరలేదు. తప్పు స్వభావమును, తీవ్రతను చూచి బోర్డు నిర్ణయించును. ఆధారు సంఖ్యలను బహిరంగముగా ప్రకటింపరాదని 2016వ సంవత్సరపు ఆధారు చట్టమే చెప్పుచున్నది గనుక, గోడకు అంటించు లబ్ధిదారుల జాబితాలో ఆధారు సంఖ్యలు వ్రాయుట నేడును తప్పే.

ఇచ్చట మేము మొదట విడిచిన మాటను ఎత్తుకొందుము. సభ్యుని గుట్టు కాపాడవలెనన్న నెపముతో సంఘపు లెక్కలనే సభ్యులకు చూపని పాలకవర్గములుండును. కేరళలోని తలప్పలం సర్వీసు సహకార బ్యాంకు వ్యాజ్యములో 2013 అక్టోబరు 7వ తేదీన సుప్రీంకోర్టు, ప్రభుత్వపు గణనీయమైన ధనసహాయము గాని అధీనము గాని లేని సహకార సంఘము సమాచార హక్కు చట్టము క్రింద ప్రభుత్వ సంస్థ కాదని తీర్పు చెప్పినది. దారిన పోవువాడు దరఖాస్తు పెట్టి మన సభ్యుని ఖాతా వివరములు అడుగలేడని దీని ఫలితము. కాని సహకార చట్టము క్రింద రిజిస్ట్రారు తెప్పించుకొనగల సమాచారమును, గోప్యతకు భంగము లేనంత మట్టుకు, రిజిస్ట్రారు ద్వారా పొందవచ్చునని ఆ తీర్పే చెప్పినది. మన రాష్ట్రమున 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము క్రింద ఆడిటు, విచారణ, తనిఖీ ఉండనే ఉన్నవి. సంఘపు ఆదాయవ్యయములు, ఆడిటు నివేదిక, టెండరు ముగిసిన పిదప దాని ధరలు సభ్యుని గుట్టు కావు, సభ్యులందఱి సొత్తు. గోప్యతా చట్టమును ముందు పెట్టి వీనిని దాచువానిని నమ్మకుడు. ఎన్నికల అర్హతను తేల్చుటకు బాకీదారుల వివరములు అధికారులకు ఇయ్యవలసినప్పుడు ఇయ్యవలసినదే. ఆ జాబితానే ఊరి వాట్సాపు గుంపులో పెట్టుట మాత్రము వేఱు పని.

సంఘములు చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కంప్యూటరును తెఱచు రహస్య పదమును ఒక్కొక్కరికి ఒక్కొక్కటిగా ఉంచవలెను; బల్లమీద కాగితము అంటించి దానిని వ్రాసియుంచుట తాళముచెవిని తాళమునకే వ్రేలాడగట్టుట వంటిది. ఎవరు ఎప్పుడు ఏ పద్దు తెఱచిరో చూపు గుర్తులను ఏడాది కాలమైన నిలువ ఉంచవలెనని నియమములు చెప్పుచున్నవి. ఉద్యోగము మానిన గుమాస్తా పదమును ఆనాడే రద్దు చేయవలెను. కంప్యూటరు బాగుచేయ వచ్చినవానిని, సమాచారము ఎక్కించుటకు కూలికి కుదుర్చుకొనిన వానిని వ్రాతమూలకముగా కట్టుబాటు చేసికొనవలెను. పాత దరఖాస్తులను, ఆధారు నకళ్లను తూకమునకు అమ్మరాదు. రైతు ఆధారు కాగితము శనగల పొట్లమై తిరిగి రైతు చేతికే వచ్చుట నవ్వవలసిన సంగతి కాదు. వానిని చించి కాల్చవలెను.

రైతులు తమ వంతుగా, అవసరమున్న చోట ఆధారు నకలుకు బదులు చివరి నాలుగు అంకెలు మాత్రము కనబడు నకలును ఇయ్యవచ్చును. నకలుమీద ఏ పనికి, ఏ తేదీన ఇచ్చిరో అడ్డముగా వ్రాసి సంతకము చేయుడు. వ్రేలిముద్ర వేసి సొమ్ము తీయునపుడు “ముద్ర పడలేదు, మరల వేయుము” అన్న ప్రతిసారియు రసీదు అడుగుడు. ఫోనునకు వచ్చు సందేశమును చదువరాని వారు ఇంటి పిల్లలచేత చదివించుకొనుడు. ముద్రను అవసరము లేనప్పుడు బిగించియుంచు సదుపాయము ఆధారు సంస్థయే ఇచ్చుచున్నది, 1947 నంబరునకు ఫోను చేసి విధానము తెలిసికొనవచ్చును. ఖాతానుండి సొమ్ము పోయినట్లు తెలిసినంతనే 1930 నంబరునకు ఫోను చేయుడు. గంటలు గడచినకొలది సొమ్ము చేతులు మారును గనుక ముందు ఊరి పెద్దలతో ఆలోచించి మఱునాడు చేయుదమనుకొనరాదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున పెట్టుటకు వీలుగా ఒక తీర్మానపు నమూనాను ఇచ్చట వ్రాయుచున్నాము. సభ్యులు తమ సంఘమునకు తగినట్లు మార్చుకొనవచ్చును.

“సభ్యుని ఖాతా, బాకీ, వాయిదా, భూమి, ఆధారు వివరములను ఆ సభ్యునకును, చట్టము ప్రకారము అడుగు అధికారులకును, అప్పు ఇచ్చు కేంద్ర బ్యాంకునకును తప్ప ఎవరికిని తెలుపరాదనియు, ఉద్యోగులు స్వంత ఫోనులలో సంఘపు పద్దుల పటములు ఉంచుకొనరాదనియు, బాకీదారుల పేర్లను ఫోను గుంపులలో పెట్టరాదనియు, సభ్యుల ఫిర్యాదులు పుచ్చుకొనుటకు పాలకవర్గములో ఒకరిని నియమింపవలెననియు, సంఘపు జమాఖర్చులను ఆడిటు నివేదికను సభ్యులు కోరిన పనివేళలలో చూపవలెననియు ఈ సమావేశము తీర్మానించుచున్నది.”

దీనిని మినిట్సు పుస్తకమున వ్రాయించి, హాజరైన సభ్యులు సంతకములు చేసి, ఒక ప్రతిని సంఘపు కచేరీ గోడకు అంటింపవలెను. పసుపు త్రవ్వకములు మొదలగుటకు ముందే జరిగినచో ఈ యేటి బేరములకే అది పనికివచ్చును.